యల్లాప్రగడ సుబ్బారావు: కడుపులో మొదలైన కథ

ముందే చెప్తున్నా, నేను చదివింది మొత్తం ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పెద్దగా రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన సెమిస్టర్‌లో ఒక బండి దగ్గర చాట్ తిని నాకు కడుపు ఖరాబైంది. మా రూమ్మేట్ దగ్గర పాత జ్వరానికి వాడగా మిగిలిన డాక్సీసైక్లిన్ గోలీలు ఉంటే రెండు రోజులు వేసుకుని, కొంచెం తగ్గగానే ఆపేశా. తర్వాత మూడు వారాలు కడుపు నా మాట వినలేదు. చివరికి హన్మకొండలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తే బాగా తిట్టారు. మన పేగుల్లో మనకు పనికొచ్చే బ్యాక్టీరియా కూడా ఉంటుందని, అడ్డదిడ్డంగా మందులు మింగితే అదీ చస్తుందని చెప్పి పంపించారు.

ఆ రాత్రి కోడింగ్ పక్కన పెట్టి ఆ గోలీ గురించి చదవడం మొదలుపెట్టా. డాక్సీసైక్లిన్ ఏ కుటుంబం మందు? టెట్రాసైక్లిన్. అందులో మొదటిది ఏది? ఆరియోమైసిన్, 1948. ఎక్కడ దొరికింది? అమెరికాలో లెడర్లీ కంపెనీ ల్యాబ్‌లో. ఆ ల్యాబ్‌లో పరిశోధన మొత్తానికి పెద్ద ఎవరు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! స్కూల్లో జీకే బిట్‌గా చదివి మర్చిపోయిన పేరు. ఈసారి వదల్లేదు.

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. నాన్న జగన్నాథం, అమ్మ వెంకమ్మ. నాన్న తొందరగా పోయారు, ఇంట్లో డబ్బుల్లేవు. చదువు మీద మనసు లేక ఒకసారి డబ్బు సంపాదిస్తానని కాశీకి బయల్దేరిన పిల్లాడు ఈయన. అమ్మ పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. (ఒక బ్యాక్‌లాగ్ ఉన్న నాకు ఈ లైన్ దగ్గర ప్రాణం లేచొచ్చింది.)

తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీ. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గదికి ఖద్దరు గౌను వేసుకెళ్లారు. తెల్ల ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ ఇవ్వకుండా, దానికన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు.

కానీ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది డిగ్రీ కాదు, స్ప్రూ అనే జబ్బు. మన లాంటి వేడి దేశాల్లో వచ్చే పేగుల రోగం అది. విరేచనాలు ఆగవు, నాలుక పుండు పడుతుంది, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్ల ముందే ఎండిపోతాడు. రోజుల తేడాతో ఆయన ఇద్దరు అన్నదమ్ములు, పురుషోత్తం, కృష్ణమూర్తి, దాంతోనే పోయారు. తర్వాత ఆయనకే స్ప్రూ వచ్చింది. అల్లోపతి చదివిన మనిషిని ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారు బతికించారు. డాక్టరై ఉండి కూడా సొంత ఇంట్లో జబ్బుకు కారణం చెప్పలేకపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ ప్రశ్న ఆయన్ని జీవితాంతం వదల్లేదని నాకనిపిస్తుంది.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1920ల మొదట్లో బోస్టన్ ఓడెక్కారు. భార్య శేషగిరి గారిని ఇక్కడే వదిలి వెళ్లారు. వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆయన మళ్లీ ఇండియా రానేలేదు, భార్యను చూడనేలేదు. ఈ విషయం చదివాక ఆయన్ని పూర్తిగా పొగడటం నాకు కష్టమైంది. శేషగిరి గారి వైపు నుంచి ఈ కథ ఎవరైనా రాయాలి.

బోస్టన్‌లో పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలి పని. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఇవాళ్టికీ బయోకెమిస్ట్రీ వాళ్లు ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి అనే చదువుతారు. తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. మనం ఇంటర్ బయాలజీలో బట్టీ కొట్టిన శక్తి కథ వెనక ఈయన చెయ్యి ఉంది. అయినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీకి వెళ్లిపోయారు.

అక్కడే పాత బాకీ తీర్చే అవకాశం దొరికింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే డాక్టర్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, ఈస్ట్ సారం పెడితే తగ్గుతుందని గమనించింది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. సుబ్బారావు బృందం ఆ పదార్థం వెంట పడింది. దాన్ని కొలవడానికి వాడిన పరికరం ఏంటో తెలుసా? లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియా. ఆ విటమిన్ ఉంటేనే పెరుగుతుంది, లేకపోతే పెరగదు. మన భాషలో చెప్పాలంటే ఆ బ్యాక్టీరియానే టెస్ట్ కేస్! 1945లో వాళ్లు దాన్ని ల్యాబ్‌లో తయారుచేశారు. అదే ఫోలిక్ యాసిడ్. కొద్ది కాలంలోనే స్ప్రూ రోగులకు ఇస్తే రక్తం పుంజుకుంది, నాలుక మానింది. అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేళ్లు దాటింది.

ఫోలిక్ యాసిడ్‌ను కొంచెం మార్చి చేసిన మందులే లుకేమియా పిల్లల మీద సిడ్నీ ఫార్బర్ వాడినవి. ఆ దారిలో వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. బోదకాలు మందు డీఈసీ కూడా 1947లో ఆ ల్యాబ్ నుంచే వచ్చింది. నల్గొండ వైపు మా అమ్మమ్మ వాళ్లూరికి ఆరోగ్య కార్యకర్తలు వచ్చి దగ్గరుండి మింగించే గోలీ అదే. నేను దాన్ని నాలుక కింద దాచి ఉమ్మేసేవాణ్ణి. సుబ్బారావు గారూ, సారీ.

ఇక నేను మింగిన గోలీకి తాత, ఆరియోమైసిన్. ఎక్కడెక్కడి నుంచో తెప్పించిన మట్టిలో, బెంజమిన్ డుగ్గర్ అనే పెద్దాయన మిస్సోరీ మట్టి నుంచి ఒక బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నారు. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయారు. వయసు 53.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. స్ప్రూలో ఏం జరుగుతుంది? ఎక్కువగా ఏదో ఇన్ఫెక్షన్ తర్వాత చిన్నపేగులో ఉండకూడనంత బ్యాక్టీరియా పేరుకుంటుంది, తిండిని పీల్చుకునే పేగు లోపలి పొర దెబ్బతింటుంది. అందుకే ఇవాళ డాక్టర్లు స్ప్రూకి రెండు మందులు కలిపి నెలల తరబడి ఇస్తారు. ఒకటి ఫోలిక్ యాసిడ్, రెండోది టెట్రాసైక్లిన్. ఫోలిక్ యాసిడ్ తయారైందీ, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు దొరికిందీ ఆయన ల్యాబ్‌లోనే. అన్నదమ్ముల చావుకు సగం జవాబు ఆయన చూశారు. మిగతా సగం ఆయన పక్క గదిలోనే ఉంది, కానీ అది స్ప్రూకి పనికొస్తుందని తేలేలోపు ఆయన లేరు.

ఈ కథకు ఇంకో మలుపు ఉంది. ఆయన పోయాక, అదే లెడర్లీలో జూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పి కోళ్లకు పెడితే అవి త్వరగా బరువు పెరిగాయి. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. 2012లో మార్టిన్ బ్లేజర్ బృందం ఎలుకపిల్లలకు కొద్ది కొద్దిగా యాంటీబయాటిక్స్ ఇచ్చి చూస్తే పేగుల్లో బ్యాక్టీరియా మారింది, ఒంట్లో కొవ్వు పెరిగింది. ఇప్పుడు ప్రపంచమంతా ఆ ప్రశ్న మీదే పడింది. 2016లో వేసిన ఒక లెక్క ప్రకారం మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. చాలా వాటిని గాజు పళ్లెంలో పెంచడం కష్టం కాబట్టి వాటి డీఎన్ఏ చదివి లెక్కపెడుతున్నారు. ఆ చదివేది ప్రోగ్రాములు, అంటే మనలాంటోళ్లు! ఆ బ్యాక్టీరియాలో కొన్ని మనకోసం ఫోలేట్ కూడా తయారుచేస్తాయని తెలిసింది. సుబ్బారావు కాలేయంలోంచి, ఫ్లాస్కుల్లోంచి ఏళ్ల తరబడి తీసిన పదార్థం మన పేగుల్లో చప్పుడు లేకుండా తయారవుతోంది.

నేను సీఎస్ఈ తీసుకుంది ప్యాకేజీ కోసమే, అబద్ధం ఎందుకు. కానీ ఈ మధ్య ఫ్రీగా దొరికే పేగు బ్యాక్టీరియా డేటాసెట్ ఒకటి దించుకుని పైథాన్‌లో కెలుకుతున్నా. ఇప్పటిదాకా వచ్చింది ఎర్రర్లే. ఆయనకు మెట్రిక్ మూడోసారికి వచ్చింది కదా, చూద్దాం.

అన్నట్టు, మా రూమ్మేట్ దగ్గర ఆ డాక్సీసైక్లిన్ ఇంకా నాలుగు గోలీలున్నాయి. ఎవరూ అడగకండి, ఇవ్వం. డాక్టర్ దగ్గరికి పోండి.