గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగస్టు 29 - 1940 జనవరి 22) తెలుగు భాషావేత్త, ఉపాధ్యాయుడు, వ్యావహారిక భాషోద్యమ నాయకుడు. సవర భాషకు వ్యాకరణము, నిఘంటువులు రచించిన తొలితరం పరిశోధకుడు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. వాడుక భాష కోసం చేసిన పోరాటం వల్ల ఆయన ఎక్కువగా ప్రసిద్ధుడు. అయితే ఆ పోరాటానికి పునాది, పరభాషల ఉచ్చారణను చెవితో విని నేర్చుకొనడంలో, నేర్పడంలో ఆయన గడించిన అనుభవం.

బాల్యము, విద్య

రామమూర్తి శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించాడు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. 1875లో తండ్రి మరణించగా, విజయనగరంలో మేనమామ ఇంట ఉండి మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చదువుకొన్నాడు. గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడై, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతంతో ఉపాధ్యాయుడుగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలలో నెగ్గాడు. తరువాత అక్కడి కళాశాలలోనే అధ్యాపకుడుగా పనిచేసి 1911లో ఉద్యోగ విరమణ చేశాడు.

సవర భాషా కృషి

పర్లాకిమిడి పరిసరాలలోని కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా భాషా కుటుంబానికి చెందినది. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. ఆ భాషను నేర్చుకొనడానికి రామమూర్తికి వ్యాకరణం గాని, నిఘంటువు గాని లభించలేదు. అందుచేత తెలుగు తెలిసిన ఒక సవరను తన ఇంట ఉంచుకొని, అతని నోట విన్నదానిని వ్రాసుకొంటూ, తిరిగి పలుకుతూ అభ్యసించాడు.

తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. సవరలో హల్లుతో ముగిసే మాటలు అనేకం ఉన్నాయి. గొంతులోని నాదతంత్రులు క్షణకాలం మూసుకొనగా గాలి ఆగి ఏర్పడే ఒక ధ్వని కూడ ఆ భాషలో విరివిగా వినవస్తుంది. తెలుగు అక్షరమాలలో దీనికి గుర్తు లేదు. అటువంటి ధ్వనులను అలవాటైన అక్షరాలతో వ్రాసుకొని చదివితే పలుకు తప్పుతుంది. వాటిని నేరుగా విని, నోటిలో పుట్టే స్థానాన్ని గుర్తించి పలకడం తప్ప మార్గం లేదు.

రామమూర్తి సవర భాషలోనే వాచకాలు సిద్ధపరచి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపాడు. ఈ సేవకు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా దానిని స్వీకరించక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టవలసినదిగా కోరాడు. మన్యంలో తిరుగుతున్న కాలంలో ఆయనకు విషజ్వరం సోకింది. ఆ జ్వరానికి అధికంగా వాడిన క్వినైను వలన వినికిడి దెబ్బతిని, చెవుడు జీవితాంతం ఉండిపోయింది. చెవినే సాధనంగా చేసుకొని భాష నేర్చిన వానికి ఇది తీరని నష్టం. అయినా ఆయన పరిశోధన ఆపలేదు. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి కూడ సవర భాష నేర్చి తండ్రి కృషిలో పాలుపంచుకొన్నాడు.

ధ్వనిశాస్త్రము, ఆంగ్ల బోధన

19వ శతాబ్ది చివరి భాగంలో ఐరోపాలో పరభాషా బోధన పద్ధతులు మారుతున్నాయి. వ్యాకరణ సూత్రాలను, అనువాదాన్ని వెనుకకు నెట్టి, ముందు మాటలాడే భాషను నేర్పాలనే వాదం బలపడింది. 1886లో పారిస్‌లో భాషోపాధ్యాయులే కలసి అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘాన్ని నెలకొల్పారు. విద్యార్థులకు పరభాష ఉచ్చారణ నేర్పడానికి పనికివచ్చే ధ్వనిలిపిని రూపొందించడం వారి తొలి కార్యక్రమాలలో ఒకటి. ఈ రంగంలో ప్రముఖులైన హెన్రీ స్వీట్, ఓటో యెస్పర్సన్‌ల గ్రంథాలను రామమూర్తి పరిశీలనగా చదివాడు.

తెలుగువాడు ఇంగ్లీషు నేర్చేటపుడు కూడ సవర నేర్చేవానికి ఎదురైన చిక్కులే ఎదురవుతాయి. హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటకు చివర ఉకారం చేర్చి బస్సు, బుక్కు అని పలకడం ఇందుకు ఉదాహరణ. ఉపాధ్యాయుడు తన పలుకును తాను గమనించుకొనకపోతే ఆ అలవాటే విద్యార్థులకు సంక్రమిస్తుంది.

వ్యావహారిక భాషోద్యమము

1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ.యేట్స్ అనే ఆంగ్లేయుడికి, తెలుగువారు మాట్లాడే భాషకు, బడిలో చెప్పే భాషకు పొంతన ఎందుకు లేదన్న సందేహం కలిగింది. విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యుడు పి.టి.శ్రీనివాస అయ్యంగారు ఈ విషయమై గురజాడ, గిడుగులను సంప్రదించవలసిందిగా సూచించాడు. ఈ నలుగురి కలయికతో ఉద్యమం మొదలైంది. ఇంగ్లీషునకు, సవరకు వర్తించే సూత్రం తెలుగునకూ వర్తిస్తుందని, బోధన సజీవ భాష నుండి ప్రారంభం కావాలని రామమూర్తి వాదించాడు.

పాఠశాల చివరి పరీక్షలో వాడుక భాషలో కూడ వ్యాసం వ్రాయవచ్చునన్న ప్రభుత్వ ఉత్తరువును పండితులు ప్రతిఘటించగా అది రద్దయింది. ప్రతిపక్షానికి నాయకుడు, కోనసీమలోని ముక్తేశ్వరంలో జన్మించిన జయంతి రామయ్య పంతులు. 1919లో రామమూర్తి "తెలుగు" పత్రికను నడిపాడు. అదే ఏడాది రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడుగా, రామమూర్తి కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాషపై నిషేధాన్ని తొలగించింది.

చివరి రోజులు

1936లో పర్లాకిమిడిని కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేర్చడాన్ని రామమూర్తి వ్యతిరేకించాడు. ఫలితం లేకపోవడంతో అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరాడు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి 22న మరణించాడు.

ఆ తరువాత 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఇంగ్లీషు సంస్థ ఏర్పడి, ఇంగ్లీషు ఉపాధ్యాయులకు ధ్వనిశాస్త్రంలో శిక్షణ ఇచ్చింది. ఇది 2007 నుండి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉంది. అటువంటి శిక్షణ సంస్థలేవీ లేని కాలంలో రామమూర్తి ఈ విద్యను స్వయంగా సాధించాడు.

ముఖ్య రచనలు

* సవర భాషా వ్యాకరణ గ్రంథము (1931)
* ఇంగ్లీషు - సవర నిఘంటువు (1933)
* సవర - ఇంగ్లీషు నిఘంటువు (1938)
* ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము
* బాలకవి శరణ్యము
* గద్య చింతామణి