నవ్వని హాస్యనటుడు బస్టరు కీటను

లోకమునంతయు నవ్వించి తాను మాత్రము నవ్వని నటుడు బస్టరు కీటను. ఆయన 1895 అక్టోబరు 4వ తేదీని అమెరికా దేశమందలి కాన్సాసు రాష్ట్రమున పిక్వా యను చిన్న యూర జన్మించెను. తలిదండ్రులు ఊరూర వినోద ప్రదర్శనము లిచ్చువారు. తండ్రి బాలుని నెత్తి వేదికపై విసరివేయుటయు, వాడు మొగమున నవ్వుగాని యేడ్పుగాని లేక లేచి నిలుచుటయు జూచి జనులు పొట్ట చెక్కలగునట్లు నవ్వెడివారు. వానికి బడిచదువు లేదనియే చెప్పవచ్చును. మన బాలురకు ఇది భాగ్యముగ దోచునేమో గాని, ఆ పాటులు పూలపాన్పుపై బడుట కాదు.

1917లో న్యూయార్కునందు ఒక నాటకశాలవారు ఆయనకు వారమునకు 250 డాలర్లిచ్చుట కొప్పుకొనిరి. అంతలో ఆర్బకిలు అను హాస్యనటుడు చలనచిత్రములకు రమ్మని పిలిచెను. అచ్చట జీతము 40 డాలర్లే. కీటను ఆ నలుబదినే కోరుకొనెను. మాకీ ఘట్టము మిక్కిలి యిష్టము.

1920 మొదలు జోసఫు షెంకు అను నిర్మాత యండన కీటను తన చిత్రములను తానే తీసెను. కథయు, హాస్యమును, సాహసమును ఆయన యిచ్ఛయే. 1928 నాటి ‘స్టీంబోటు బిల్ జూనియరు’లో ఇంటి ముందుగోడ మొత్తము ఆయనపై గూలును. తెరచియున్న కిటికీ సందున ఆయన నిలిచి బ్రదుకును. గోడ నిజమైనది, కొన్ని యంగుళములు తప్పిన ప్రాణము దక్కదు. ఇంత చేసినను ఆ చిత్రములు ఆయన సొత్తు కావు. చాప్లినును, హెరాల్డు లాయిడును తమ చిత్రములకు తామే యజమానులైరి. కీటనునకు లెక్కలయందు శ్రద్ధ లేదు. 1926లో బహుధనము వెచ్చించి తీసిన ‘ది జనరల్’ నష్టము దెచ్చెను.

1928లో షెంకు మాటపై ఆయన మెట్రో గోల్డ్విను మేయరు కంపెనీలో జేరెను. చాప్లిను వలదనెను, లాయిడును వలదనెను. జీతము వారమునకు 3000 డాలర్లు! అయితే అచ్చట కథ వ్రాయువా రొకరు, ఆజ్ఞాపించువారు వేరొకరు. చిత్రములు ధనమును దెచ్చెను గాని, వానిలో పూర్వపు కీటను మాకు గనబడడు. ఆయన త్రాగుడున బడెను. 1932లో సంసారము విచ్ఛిన్నమై, ఇల్లును ఇరువురు కుమారులును దూరమైరి. 1933లో కంపెనీవారు ఆయనను దొలగించిరి. కొన్నియేండ్లకు ఆ కంపెనీయే ఇతర నటులకు హాస్యఘట్టములు కల్పించుటకై ఆయనను మరల బిలిచెను. ఇప్పుడు జీతము వారమునకు 100 డాలర్లు. ఆయన కాదనక పనిలో జేరెను.

1940లో ఎలినోరు అను యువతిని వివాహమాడిన పిమ్మట బ్రదుకు కుదుటబడెను. 1957లో తన జీవితకథను చిత్రముగ దీసిన పారమౌంటు కంపెనీ యిచ్చిన 50,000 డాలర్లలో ఇల్లు గొని, తోట వేసి, కోళ్లను బెంచెను. 1966 ఫిబ్రవరి 1వ తేదీని ఆ యింటనే కన్నుమూసెను.