కీచిరో టయోడా

మోటారు వాహనం పూర్తిగా ఒకే కర్మాగారంలో పుట్టదు. దానిలోని వేలాది విడిభాగాలలో అధికభాగం వేర్వేరు యజమానుల కార్ఖానాలలో తయారై, చివరకు ఒకచోట చేరతాయి. కనుక వాహనం పటిష్ఠతా, దాని వెలా కూడా ఆ విడిభాగాలను సరఫరా చేసేవారితో నిర్మాత మెలిగే తీరుపై ఆధారపడి ఉంటాయి. ఈ సంగతిని నష్టాల నడుమ గ్రహించినవారు జపాను దేశపు వాహన నిర్మాత కీచిరో టయోడా.

కీచిరో 1894 జూన్ 11న షిజువొకా ప్రాంతంలో జన్మించారు. తండ్రి సకిచి వడ్రంగి కుటుంబంలో పుట్టి, మరమగ్గాల ఆవిష్కర్తగా ప్రసిద్ధికెక్కారు. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో యంత్రశాస్త్రం అభ్యసించిన కీచిరో 1920లో పట్టభద్రులై, అనంతరం తండ్రి సంస్థలో చేరారు. దారం తెగగానే తనంతట తానే ఆగిపోయే మగ్గం 1924లో సిద్ధమయింది. దాని రూపకల్పనలో ఆయన కృషి ఉంది. ఆ మగ్గం హక్కుల విషయమై 1929లో విదేశాలకు వెళ్ళినప్పుడు అమెరికా వాహన పరిశ్రమను కూడా పరిశీలించారు. 1933లో మగ్గాల కర్మాగారంలోనే వాహన విభాగం వెలసింది.

అప్పటికే ఫోర్డు, జనరల్ మోటార్స్ సంస్థలు అమెరికా నుండి ఓడలలో విడిభాగాలు తెప్పించి, జపానులో వాహనాలను కూర్చి అమ్ముతున్నాయి. స్వదేశంలో మాత్రం వాహనానికి తగిన ఉక్కు కాని, దానిని కచ్చితమైన కొలతలతో మలచగల తయారీదారులు కాని చాలినంతగా లేరు. కీచిరో ఉక్కు తయారీకి కూడా స్వయంగా పూనుకోవలసి వచ్చింది. ఇంజను దిమ్మెలను పోత పోసే పనిలో ఎన్నో దిమ్మెలు పనికిరాకుండా పోయాయి. 1935 నవంబరులో వెలువడిన తొలి లారీలు దారిలోనే చెడిపోయేవి. వెనుక ఇరుసు భాగాలు తరచుగా బాధపెట్టేవి. లారీ ఎక్కడ ఆగితే అక్కడికి సంస్థ మనుషులు వెళ్ళి ఉచితంగా బాగుచేసి వచ్చేవారు. 1937లో టయోటా మోటార్ కంపెనీ వేరుగా ఏర్పడింది. టయోడా అనే ఇంటిపేరు టయోటాగా మారడానికి ఒక కారణం, జపాను లిపిలో ఆ మాటను ఎనిమిది గీతలతో రాయవచ్చుననీ, ఎనిమిది శుభసంఖ్య అనీ! లోపాలను పరిశీలించి సరిదిద్దడానికి ప్రత్యేక శాఖ కూడా ఆ సంవత్సరమే నెలకొంది.

విడిభాగాల కోసం ఆనాడు రెండు మార్గాలుండేవి. హెన్రీ ఫోర్డు రూజ్ నది ఒడ్డున మహాకర్మాగారం కట్టి, ఉక్కుతో సహా వీలైనంతవరకు సమస్తం తానే తయారు చేయించాడు. అంత పెట్టుబడి కీచిరోకు లేదు. రెండవది, టెండరు పిలిచి, తక్కువ ధరకు ఇస్తానన్నవాడికి పని అప్పగించడం. పైకి ఇది లాభసాటి బేరమే. కాని వచ్చే ఏడు పని ఉంటుందో ఉండదో తెలియనివాడు కొత్త యంత్రం కొనడు, పనివారికి శిక్షణ ఇవ్వడు. తక్కువ ధర చెప్పి పని దక్కించుకుని, తరువాత ఏదో ఒక సాకుతో పెంచుతాడు. నాసిరకం సరుకును ఏరివేసే ఖర్చు, అధికంగా నిల్వ ఉంచే ఖర్చు తిరిగి నిర్మాత నెత్తినే పడతాయి.

1939లో సంస్థ కొనుగోలు నియమాలను రూపొందించింది. ఒకసారి ఎంచుకున్న సరఫరాదారును తమ శాఖగానే భావించాలనీ, అకారణంగా మార్చరాదనీ, అతని సామర్థ్యాన్ని పెంచడానికి పాటుపడాలనీ వాటి సారాంశం. ఇది కేవలం ఔదార్యం కాదు. 1938లో ప్రారంభమైన కొరోమో కర్మాగారంలో ఏనాటికి కావలసిన భాగాలు ఆనాటికే అందాలని కీచిరో సంకల్పించారు. గిడ్డంగి నిండా నిల్వలు లేనప్పుడు ఒక్క లోపభూయిష్ఠమైన భాగం పనినంతా ఆపగలదు. యుద్ధకాలపు కొరతల వల్ల ఆ పద్ధతి సాగలేదు కాని, సరఫరాదారుల సంఘం మాత్రం నిలిచి 1943లో క్యోహోకాయ్ అనే పేరు పొందింది.

యుద్ధానంతరం సంస్థ అప్పులలో కూరుకుపోయింది. 1949 డిసెంబరులో విద్యుత్ పరికరాల విభాగం వేరుపడి, నేటి డెన్సో సంస్థకు మూలమయింది. ఉద్యోగులను తొలగించకూడదన్నది కీచిరో పట్టుదల. 1950లో సమ్మె సాగి, వేయిమందికి పైగా వెళ్ళిపోక తప్పలేదు. అందుకు బాధ్యత వహిస్తూ ఆ జూన్‌లో ఆయన అధ్యక్షపదవిని వదులుకున్నారు. ఆ నెలలోనే కొరియా యుద్ధం మొదలై, లారీలకు గిరాకీ పెరిగి సంస్థ గట్టెక్కింది. మళ్ళీ అధ్యక్షులు కావడానికి అంగీకరించినా, ఆ బాధ్యత చేపట్టకముందే 1952 మార్చి 27న ఆయన మరణించారు.

1997 ఫిబ్రవరి 1న కరియాలోని ఐసిన్ సంస్థ కర్మాగారం అగ్నికి ఆహుతయింది. టయోటా వాహనాల బ్రేకులకు కావలసిన ఒక చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడే తయారయ్యేది. నిల్వ లేకపోవడంతో జపానులోని టయోటా కర్మాగారాలు చాలావరకు స్తంభించాయి. ఒక్కరినే నమ్ముకోవడంలోని ప్రమాదం అప్పుడు బయటపడింది. అయితే ఇతర సరఫరాదారులు, కుట్టుమిషన్లు చేసే సంస్థతో సహా, ధరల బేరానికి కూర్చోకుండా ఆ వాల్వులను తయారు చేయసాగారు. కొద్ది రోజులలోనే కర్మాగారాలు తిరిగి కదిలాయి.