కోత లేకుండా ప్రోస్టేట్ ఆపరేషన్‌కు దారి చూపిన డాక్టర్ యంగ్

చిన్నప్పుడు మోకాలు దోక్కుపోతే రాసిన ఎర్రమందు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మెర్క్యురోక్రోమ్ అనే ఆ మందును 1919లో వైద్యలోకానికి పరిచయం చేసింది బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు హ్యూ హాంప్టన్ యంగ్, ఆయన సహచరులు. అసలు వారు దాన్ని వాడింది మోకాళ్లకు కాదు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు!

యంగ్ 1870లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో పుట్టారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి జాన్స్ హాప్కిన్స్‌లో చేరారు. 1897లో సర్జరీ విభాగాధిపతి డాక్టర్ విలియం హాల్‌స్టెడ్ మూత్రవ్యాధుల విభాగాన్ని ఆయనకు అప్పగించారు. ఆ సంగతులేవీ తనకు తెలియవని యంగ్ మొత్తుకున్నా, నేర్చుకుంటాడన్న నమ్మకంతో హాల్‌స్టెడ్ వినలేదు.

ఆ రోజుల్లో ప్రోస్టేట్ గ్రంథి అడ్డుపడి మూత్రం ఆగిపోతే పెద్ద కోత పెట్టి ఆపరేషన్ చేయాలి, లేదంటే గొట్టంతోనే కాలం గడపాలి. వయసు మళ్లినవారు చాలామంది ఆ కోతకు తట్టుకోలేకపోయేవారు. 1909లో యంగ్ ఒక పరికరం తయారు చేశారు. మూత్రమార్గం గుండా పంపే లోహపు గొట్టం అది. దాని చివర ఉన్న రంధ్రంలోకి అడ్డుగా ఉన్న కండ చేరగానే లోపలి పదునైన గొట్టాన్ని జరిపి కత్తిరించేవారు. ఒంటి మీద కోత లేదు. మత్తు కూడా ఆ భాగానికే.

1912లో డైమండ్ జిమ్ బ్రేడీ అనే కోటీశ్వరుడు ఆయన దగ్గరకు వచ్చారు. రైల్వే సామగ్రి అమ్మి గడించిన ఆయన వజ్రాలకు, భారీ భోజనాలకు పేరు మోసినవారు. షుగర్, గుండెజబ్బు ఉండటంతో మిగతా సర్జన్లు ఆపరేషన్ చేయబోమన్నారు. యంగ్ తన పరికరంతో చేశారు. బ్రేడీ కోలుకున్నారు. ఆ కృతజ్ఞతతో ఆయన ఇచ్చిన విరాళంతోనే 1915లో జాన్స్ హాప్కిన్స్‌లో బ్రేడీ యూరాలజీ సంస్థ మొదలైంది. అది ఇప్పటికీ నడుస్తోంది.

యంగ్ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. కోసే చోటు కంటికి కనిపించేది కాదు, రక్తస్రావమూ ఉండేది. తర్వాతివారు అదే దారిలో వెలుగును, కరెంటును, లేజర్‌ను తీసుకెళ్లారు. యంగ్ 1945లో బాల్టిమోర్‌లో కన్నుమూశారు.

మనవలను చూడటానికి ఇక్కడికి వచ్చే మన నాన్నగార్లు, మావయ్యగార్లు రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నా నోరు విప్పరు. ఆపరేషన్ అంటే భయం, ఇక్కడి ఆసుపత్రి ఖర్చంటే ఇంకా భయం. ఒక్కసారిగా మూత్రం ఆగిపోతే మాత్రం ఎమర్జెన్సీకి పరుగెత్తక తప్పదు. అందుకే టికెట్లు కొనే ముందే వారిని అడగండి, ఊళ్లోనే ఒకసారి డాక్టరుకు చూపించండి.