నాన్న నేర్పిన చదువు

మన ఇంట్లో నాన్నకో అమ్మకో బదిలీ అయిన ప్రతిసారీ మనకు కొత్త బడి, కొత్త భాష, కొత్త స్నేహితులు. మనలాగే ఊళ్లు మారుతూ, మనకంటే ఎన్నో రెట్లు కష్టపడి చదువుకున్న ఒక మహనీయుని గురించి తెలుసుకుందాం. ఆయనే డాక్టర్ భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మహూ సైనిక స్థావరంలో జన్మించారు. తల్లిదండ్రులకు ఆయన పద్నాలుగో సంతానం. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా కూడా పనిచేశారు. ఆయన ఉద్యోగ విరమణ చేశాక కుటుంబం దాపోలీకి, అక్కడి నుంచి సతారాకు, చివరికి బొంబాయికి మారింది. తల్లి భీమాబాయి ఆయన చిన్నతనంలోనే కన్నుమూశారు.

సతారా బడిలో భీమ్‌రావు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా పరుచుకుని, తోటి పిల్లలకు దూరంగా కూర్చోవాల్సి వచ్చేది. అంటరాని కులంలో పుట్టాడని కుళాయిని కూడా తాకనిచ్చేవారు కాదు. బడి నౌకరు వచ్చి తిప్పితేనే నీళ్లు. అతను రాని రోజు దాహంతోనే ఇంటికి వెళ్లాలి.

బడిలో దొరకని ఆదరణ ఆ బాలునికి ఇంట్లో దొరికింది. రాంజీ కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు పాఠాలు, అనువాదాలు చేయించేవారు. బొంబాయిలో వాళ్లది పరేల్ ప్రాంతంలో ఒకే ఒక్క గది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. అందుకే కొడుకుని పెందలాడే పడుకోబెట్టి, తాను మేలుకుని ఉండి, రాత్రి రెండు గంటలకు లేపేవారు. అతను దీపం ముందు చదువుకుంటుంటే తాను పడుకునేవారు. పుస్తకాలకు డబ్బు లేకపోతే పెళ్లయిన కూతుళ్ల నగలు అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవారు. పింఛను రాగానే విడిపించి తిరిగి ఇచ్చేవారు.

సాయంత్రాలు తోటలో కూర్చుని చదువుకునే ఆ విద్యార్థిని కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు గమనించారు. మంచి పుస్తకాలు ఇచ్చి చదివించారు. 1907లో మెట్రిక్యులేషన్ పాసైనప్పుడు తాను రాసిన బుద్ధుని జీవితచరిత్రను బహూకరించారు. పై చదువుకు రాంజీ దగ్గర డబ్బు లేనప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్‌తో మాట్లాడి నెలకు 25 రూపాయల వేతనం వచ్చేలా చేసినదీ ఆయనే.

1912లో భీమ్‌రావు బి.ఏ. పూర్తిచేశారు. 1913లో బరోడా సంస్థానం సాయంతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. కానీ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే రాంజీ మరణించారు. కొడుకు ఓడ ఎక్కడం ఆయన చూడలేకపోయారు. అప్పటికి భీమ్‌రావు ఎవరూ లేపకుండానే లేచి చదువుకోవడం నేర్చుకున్నారు. పెద్దలు అందించిన సాయం అక్కడే ఫలించింది.

తరువాత ఆయన మన రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షులయ్యారు. తాను పొందిన సాయం ఇతర పిల్లలకూ అందాలని 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. మరుసటి ఏడాది బొంబాయిలో సిద్ధార్థ కళాశాల మొదలైంది. 1956 డిసెంబరు 6న ఆయన పరమపదించారు.

కొత్త ఊరిలో పాఠం అర్థం కాకపోతే మనం సిగ్గుపడకుండా పెద్దలను అడుగుదాం. మన తరగతికి ఎవరైనా కొత్తగా వస్తే పిలిచి మన పక్కనే కూర్చోబెట్టుకుందాం. మనకు తెలిసింది వాళ్లకు నేర్పుదాం.