వైమానిక వీరుడు ఇంద్రలాల్ రాయ్

మొదటి ప్రపంచ సంగ్రామంలో ఆకాశవీథిని పోరాడిన భారతీయులు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. వారిలో అగ్రగణ్యుడు ఇంద్రలాల్ రాయ్. 1898 డిసెంబరు 2న కలకత్తాలో ఒక న్యాయవాది ఇంట జన్మించిన ఈ వంగ యువకుడు లండన్‌లోని సెయింట్ పాల్స్ పాఠశాలలో విద్యనభ్యసించాడు. 1917లో, పద్దెనిమిదేళ్ల ప్రాయంలో, రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరి, భారతీయులకు దుర్లభమైన అధికారి హోదాను పొందాడు.

ఆరంభం శుభప్రదం కాలేదు. ఆ ఏడు డిసెంబరు 6న ఫ్రాన్సులో ఆయన విమానం నేలకూలింది. తీవ్రంగా గాయపడిన రాయ్ ఇక విమానం నడపడానికి తగడని వైద్యులు నిర్ణయించారు. కోలుకొనుచున్న దినాలలో ఆయన విమానాల చిత్రాలు గీస్తూ గడిపాడు. తిరిగి ఎగురుటకు అనుమతి కోరుతూనే ఉన్నాడు. చివరకు అనుమతి లభించింది. 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌లో చేరాడు.

జూలై 6 నుండి 19 వరకు, కేవలం రెండు వారాలలో, పది విజయాలు ఆయన పేర నమోదైనవి. వాటిలో కొన్ని సహచరులతో పంచుకొన్నవి. జూలై 22న కార్వాన్ పట్టణ సమీపాన శత్రువిమానాలతో పోరాడుతూ నేలకొరిగాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు.

యుద్ధంలో సాహసం చూపిన వైమానిక అధికారుల కొరకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అను వెండి పతకం 1918 జూన్ 3న ఏర్పడింది. సెప్టెంబరులో రాయ్‌కు అది మరణానంతరం ప్రకటింపబడింది. దానిని పొందిన తొలి భారతీయుడాయనే.

పరపాలకుల సైన్యంలో పోరాడినవానిని మనమెందుకు స్మరించాలని కొందరు ప్రశ్నింపవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే భారతీయుడు అధికారిగా తగడను ఆనాటి అపనమ్మకానికి ఆయన తన పనితోనే సమాధానం చెప్పాడు. 1932లో భారత వైమానిక దళం ఏర్పడింది. 1954లో దానికి తొలి భారతీయ అధిపతి అయిన సుబ్రతో ముఖర్జీ ఆయన బంధువర్గంలోనివాడే.

ఫ్రాన్సులోని ఎస్టెవెల్ గ్రామ శ్మశానంలో ఆయన సమాధి ఉన్నది. విద్యార్థులారా! మనం పతకాన్ని కాక, తగవని పంపివేసిన చోటికే తగినవాడై మరలి వచ్చిన ఆ పట్టుదలను గుర్తుంచుకొందము. పరీక్షలో ఒకమారు తప్పి చదువు మానుకొనజూచే మన సోదరులకు ఈ జీవితాన్ని వినిపింతము.