ఆర్‌ఎల్ సెలైన్ బాటిల్‌పై ఉన్న ఆ పేరు ఎవరిది? కుళాయి నీళ్లు మలుపు తిప్పిన కథ

ఆస్పత్రిలో ఎక్కించే ఆర్‌ఎల్ సెలైన్ తెలియనివాళ్లు తక్కువ. అందులో ఆర్ అంటే రింగర్. పూర్తి పేరు సిడ్నీ రింగర్. ఇంగ్లాండ్‌లోని నార్విచ్‌లో పుట్టిన ఈయన, లండన్ యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్‌లో డాక్టర్. ఓవైపు పేషెంట్లను చూస్తూనే, ల్యాబ్‌లో కప్ప గుండెపై ప్రయోగాలు చేసేవారు.

శరీరం నుంచి తీసిన ఆ గుండె ఉప్పు ద్రావణంలో చాలాసేపు కొట్టుకుంది. 1882లో ఆ ఫలితాలు ప్రచురించారు కూడా. తీరా ఆరా తీస్తే, అసిస్టెంట్ డిస్టిల్డ్ వాటర్‌కు బదులు కుళాయి నీళ్లు వాడినట్లు తేలింది. డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ చేస్తే గుండె త్వరగానే డీలా పడింది. తేడా కుళాయి నీటిలోని కాల్షియంది! రింగర్ ఈ సంగతి దాచలేదు. 1883లో మరో పేపర్ రాసి సరిదిద్దుకున్నారు.

1910లో ఆయన కన్నుమూశారు. 1930ల్లో అమెరికాలో పిల్లల డాక్టర్ అలెక్సిస్ హార్ట్‌మన్ ఈ ద్రావణానికి లాక్టేట్ కలిపారు. అదే నేటి ఆర్‌ఎల్.

క్యాన్సర్‌తో రొమ్ము తొలగించాక, పొట్ట దగ్గరి చర్మం, కొవ్వుతో కొత్త రొమ్మును అమర్చే ఆపరేషన్లలోనూ ఇలాంటి ద్రవాలే ఎక్కిస్తారు. ఎక్కువైతే అమర్చిన భాగం వాచిపోవచ్చు. తక్కువైతే దానికి రక్తం సరిగా అందదు. అందుకే మత్తు డాక్టర్లు బీపీ, మూత్రం లెక్క చూసుకుంటూ ఆచితూచి ఇస్తారు. సీసాలో ఏముందన్నది ఎంత ముఖ్యమో రింగర్ చూపించారు. ఎంత ఇవ్వాలన్నదీ అంతే ముఖ్యం.